చెస్‌లో పదేళ్ల పిల్లలకు ముందు ఎండ్‌గేమా (పావులు తగ్గాక చివరి ఆట), ఓపెనింగులా (మొదటి ఎత్తులు)?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
మొన్న ఆదివారం విజయనగరంలో పిల్లల చెస్ పోటీకి మావోడిని తీసుకెళ్లేను. వాడివి తెల్లపావులు. చివరికి రాజు ఎఫ్6లో (అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస), బిషప్ ఇ4లో, బంటు జి5లో మిగిలేయి. అవతలి కుర్రాడికి రాజు జి8లో, బంటు హెచ్6లో. ఎత్తు మావోడిదే. బంటు ఊరికే దొరికింది కదా అని కొట్టేసేడు. నల్లరాజు హెచ్8 మూలకి దూరిపోయేడు, ఇక ఆ మూల వదిలితే ఒట్టు. డ్రా. "బిషప్పూ బంటూ రెండూ నావే కదా నాన్నా, ఎందుకు గెలవలేదు?" అని దారంతా అడిగేడు. సిసిలియన్ అనే ఓపెనింగ్ పన్నెండో ఎత్తు దాకా వాడికి కంఠతా. ఇది మాత్రం ఎవరూ చెప్పలేదు. ముందు ఎండ్‌గేమే నేర్పాలంటాను. మీరేటంటారు?

కోట జంక్షన్ (విజయనగరం):
నేను పిల్లలకి నేర్పుతానండి, ఒప్పుకోను. ఓపెనింగ్ రాని పిల్లాడు ఎనిమిదో ఎత్తుకే గుర్రం పోగొట్టుకుని ఏడుస్తూ ఇంటికెళ్తాడు. మర్నాడు రాడు. ఎండ్‌గేమ్ దాకా బతికితే కదా! మీవాడు తొందరపడ్డాడు, అంతే. కాస్త లెక్క వేసుకుంటే దొరికేది.

గంటస్తంభం నీడ:
మాస్టారూ, అది లెక్కకి దొరికేది కాదు, తెలిసుండాల్సింది. బంటు హెచ్ వరుసలోకి వెళ్తే మంత్రి కావాల్సిన గడి హెచ్8. అది నల్లగడి. వీడి బిషప్ తిరిగేది తెల్లగడుల మీద. ఏ జన్మకీ ఆ మూలను తాకలేదు. దీన్నే తప్పు రంగు బిషప్ అంటారు. ఈ ఒక్క మాట తెలిసుంటే పిల్లాడి చెయ్యి ఆ బంటు మీదకి వెళ్లేదే కాదు.

గెలిపించే ఎత్తు జి6. నల్లరాజు ఎఫ్8కి వస్తే జి7 చెక్. రాజు జి8కి పోతే మన రాజు జి6, వాడు హెచ్5, బిషప్ డి5తో మేట్. రాజు ఇ8కి పోతే బంటు మంత్రి అవుతుంది. జి6కి జవాబుగా వాడు హెచ్5 ఆడితే బిషప్ డి5 చెక్, ఆ తర్వాత బంటును ఆపేవాడు లేడు. ఇక రాజు హెచ్8కి వెళ్తేనా, మన రాజు ఎఫ్7. వాడికి హెచ్5 తప్ప ఎత్తు లేదు. అప్పుడు జి7, బంటుతోనే మేట్! బంటు జి6 నుంచి ముందుకి జరగ్గానే ఇ4 నుంచి బిషప్ చూపు హెచ్7 మీద పడుతుంది.

1921 నుంచి 1927 దాకా ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న కాపబ్లాంకా కూడా ముందు ఎండ్‌గేమే చదవమన్నాడు.

కోట జంక్షన్:
బోర్డు మీద పెట్టి చూశాను. హెచ్7 సంగతి నాకూ వెంటనే తట్టలేదు, నిజం. కానీ కాపబ్లాంకా మాట పెద్ద ఆటగాళ్లకి సరే. నా దగ్గరికి వచ్చేది రెండో తరగతి పిల్లలు. వాళ్లకి ముందు పావులు కాచుకోవడం రావాలి. ఈ ఒక్కటీ మాత్రం ఈ వారమే చెప్తాను.

నాగావళి గట్టు:
రాత్రి వాడి ముందు బోర్డు పెట్టేను. జి6 వాడే ఆడేడు, చివరి జి7 దగ్గర మాత్రం చాలాసేపు ఆగేడు. ఆడేక అడిగేడు: "అదే నల్లగడుల బిషప్ అయితే కొట్టేయొచ్చా నాన్నా?" చూసుకో అన్నాను. అన్నం కూడా బోర్డు దగ్గరే తిన్నాడు.