డీటర్ రామ్స్ పద్ధతి అంటే తెల్లటి పెట్టె, తక్కువ బొత్తాలేనా?

ప్రశ్న
నేను మెకానికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. డిజైన్‌లో పీజీ చేయాలన్న ఉద్దేశంతో సీడ్ పరీక్షకు సిద్ధమవుతూ, పోర్ట్‌ఫోలియో కోసం వంటింటి మిక్సీని కొత్తగా రూపొందిస్తున్నాను. జర్మనీకి చెందిన గృహోపకరణాల సంస్థ బ్రౌన్‌లో డిజైనర్ డీటర్ రామ్స్ చేసిన వస్తువుల ఫొటోలు చూసి, తెల్లటి ఒళ్లు, ఒక్క నాబ్ ఉన్న నమూనా గీశాను. ఆర్కిటెక్చర్ చదివిన ఆయన ఈ రంగంలోకి ఎలా వచ్చారు? ఆ రూపం వెనుక ఉన్న ఆలోచన ఏమిటి? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1
రామ్స్ 1932లో వీస్‌బాడెన్‌లో పుట్టారు. ఆయన తాతగారు వడ్రంగి. అక్కడి కళాశాలలో ఆర్కిటెక్చర్, ఇంటీరియర్ డిజైన్ చదువుతూ, మధ్యలో ఆపి వడ్రంగం నేర్చుకుని, తిరిగి వచ్చి 1953లో చదువు పూర్తి చేశారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆర్కిటెక్ట్ ఓటో ఆపెల్ దగ్గర పనిచేశాక 1955లో బ్రౌన్‌లో చేరారు, అదీ గదుల అలంకరణ చూసే ఆర్కిటెక్ట్‌గానే. వస్తువుల మీదికి మళ్లింది ఆ తర్వాతే. 1961లో డిజైన్ విభాగాధిపతి అయి 1995 వరకు ఆ బాధ్యతలో ఉన్నారు.

ఆలోచన సంగతికి వస్తే, 1956 నాటి ఎస్‌కే 4 రేడియో-గ్రామఫోన్‌ను చూడండి. దానికి మొదట అనుకున్న లోహపు మూత శబ్దానికి కంపిస్తుందన్న ఇబ్బంది ఉండటంతో, పారదర్శకమైన ప్లెక్సీగ్లాస్ (గాజులాంటి ప్లాస్టిక్) మూత పెట్టాలని రామ్స్ సూచించారు. అది చూసినవారు ‘స్నోవైట్ శవపేటిక’ (కథలో స్నోవైట్‌ను ఉంచిన గాజు పెట్టె) అని హాస్యమాడినా, తర్వాతి దశాబ్దాలలో రికార్డ్ ప్లేయర్ల మూత అంటే అదే అన్నట్టయింది. అందంగా ఉందని మనం మెచ్చుకునే ఆ మూత ఒక మోతకు విరుగుడుగా వచ్చింది. మీ మిక్సీ ఎందుకు తెల్లగా ఉందో కూడా ఇలాగే కారణంతో చెప్పగలగాలి. రామ్స్ వస్తువులు తెల్లగా ఉన్నాయి కదా అంటే అది కారణం కాదు.

సమాధానం 2
పై వివరణతో ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం చెప్పాలి. బ్రౌన్ పనినంతా ఒక్క మనిషి ఖాతాలో వేయడం మనకు అలవాటైపోయింది. ఎస్‌కే 4 రూపకల్పనలో ఉల్మ్ డిజైన్ పాఠశాలకు చెందిన హాన్స్ గూగెలోట్ పాత్ర పెద్దది. మీ అంశానికి దగ్గరగా ఉండే కేఎం 3 వంటింటి యంత్రం (1957) రామ్స్‌ది కాదు, గెర్డ్ ఆల్ఫ్రెడ్ ముల్లర్‌ది. 1987 నాటి ఈటీ 66 కాలిక్యులేటర్‌ను రామ్స్, డీట్రిచ్ లూబ్స్ కలిసి చేశారు. నల్లటి ఒంటి మీద సమాన గుర్తు మీటకు మాత్రమే పసుపు రంగు వేయడం, మీటలను ఉబ్బెత్తుగా ఉంచడం వేలికీ కంటికీ దారి చూపడానికే. తండ్రి మరణం తర్వాత 1951లో సంస్థ పగ్గాలు అందుకున్న ఆర్టూర్, ఎర్విన్ బ్రౌన్ సోదరులు ఇలాంటి పనికి చోటివ్వకపోతే ఇంత ప్రతిభా కాగితం మీదే ఉండిపోయేది. ఉద్యోగంలో చేరబోయే మీకు ఇది ముఖ్యమైన విషయమని నా ఉద్దేశం.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ ధన్యవాదాలండి. అయితే ఒక సందేహం: కారణం చెప్పగలిగే నిర్ణయాలు మిక్సీలో ఎక్కడ మొదలవుతాయి?

సమాధానం 1 (కొనసాగింపు)
పాడైన మిక్సీ ఒకటి తెచ్చి విప్పండి. పచ్చడి నీళ్లు ఎక్కడ చేరుతున్నాయో, మూత వాషర్ ఏ మూల అరుగుతోందో, తడి చేత్తో నాబ్ తిప్పితే జారుతోందా లేదా, మోటారు వేడి బయటికి వెళ్లే రంధ్రాలు గోడకు ఆనుతున్నాయా చూసి, వాటిని బట్టే ఆకారాన్ని గీయండి. 1960లో ఫర్నిచర్ సంస్థ వీట్సే కోసం రామ్స్ రూపొందించిన 606 అనే గోడ అరల అమరిక నేటికీ తయారవుతోంది, కొత్త భాగాలు పాతవాటికి అమరుతాయి కూడా. కాబట్టి మీ మిక్సీ జార్ పగిలితే, కొన్నేళ్ల తర్వాత కొన్న కొత్త జార్ పాత మోటారుకు సరిపోతుందా అన్న ప్రశ్నకు మీ డ్రాయింగులో సమాధానం ఉండాలి. రంగు సంగతి చివర్లో చూసుకోవచ్చు.