7.8 అని రాసినా 7.80 అని రాసినా ఒకటే కాదా?

ప్రశ్న (దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక తండ్రి):

మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. ప్రయోగశాలలో ఉక్కు గుండు సాంద్రత కనుక్కోమన్నారు. స్క్రూగేజితో కొలిస్తే వ్యాసం 12.70 మి.మీ., త్రాసులో తూస్తే ద్రవ్యరాశి 8.37 గ్రాములు వచ్చాయి. లెక్కంతా సరిగ్గా చేసి, ఘన సెంటీమీటరుకు 7.8 గ్రాములని రాస్తే ఒక మార్కు తగ్గించారు. పక్కనున్న అమ్మాయి క్యాలిక్యులేటర్ చూపిన 7.80397ను ఉన్నదున్నట్టు దించితే ఆమెకూ తగ్గించారు. ఇంకొకరికి అవే కొలతలతో 7.82 వచ్చింది. 7.80 అని రాయాలట. చివరి సున్నాకు విలువే లేనప్పుడు దానికొక మార్కు ఏమిటని మా అమ్మాయి అడిగితే నేను సమాధానం చెప్పలేకపోయాను. తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (నల్లకుంట, విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు):

అయ్యా, అంకగణితంలో ఆ రెండూ ఒకటే, కొలతలో మాత్రం కావు. కొలిచినవాడు తనకు ఎంతవరకు తెలుసో చెప్పేది ఆ చివరి అంకెతోనే. మామూలుగా 7.8 అంటే అసలు విలువ 7.75కూ 7.85కూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చని అర్థం, 7.80 అంటే 7.795కూ 7.805కూ మధ్య ఉందని. బంగారం దుకాణంలో త్రాసు 11.660 గ్రాములని చూపితే, ఆ చివరి సున్నా మిల్లీగ్రాము వరకు తూచామని చెబుతోందన్న మాట. (పాత లెక్కలో తులం అంటే సుమారు 11.66 గ్రాములు, ఇప్పుడు మన బజారులో 10 గ్రాములనే తులం అంటున్నారు, అది వేరే సంగతి.)

ఎడమవైపు సున్నాల మాట వేరు. అవి దశాంశ బిందువు ఎక్కడుందో చూపడానికే కాబట్టి 12.70 మి.మీ.ను 0.01270 మీటర్లని మార్చి రాసినా సార్థక అంకెలు (కొలత నిజంగా చెప్పగలిగే అంకెలు) నాలుగే. 1500 మీటర్లని రాస్తే మాత్రం అందులో సార్థక అంకెలు రెండో, మూడో, నాలుగో చదివేవారికి తెలియదు, అందుకే 1.50 × 10³ వంటి రూపంలో రాయమంటారు. గుండు సాంద్రత సూత్రంలోని (6 × ద్రవ్యరాశి ÷ (π × వ్యాసం³)) 6 వంటి సంఖ్యలు కొలిచినవి కావు కనుక వాటికి ఈ పరిమితి లేదు. అంగుళానికి 2.54 సెం.మీ. అనేది కూడా 1959 నుంచి నిర్వచనమే, కొలత కాదు.

గుణకార భాగహారాలలో అన్నిటికన్నా తక్కువ సార్థక అంకెలున్న కొలతే ఫలితానికి హద్దు. ఇక్కడ 8.37లో మూడే ఉన్నాయి కాబట్టి జవాబు 7.80.

జవాబు 2 (జీడిమెట్ల, మందుల పరీక్షా ప్రయోగశాల ఉద్యోగిని):

ఆ 7.82 ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలను. గుండు ఘనపరిమాణం 1.07253 ఘన సెం.మీ. ఆ విద్యార్థి దాన్ని మధ్యలోనే 1.07గా సవరించి, 8.37ను దానితో భాగించి ఉంటారు. మధ్యలో ఒకటి రెండు అంకెలు అదనంగా ఉంచుకొని చివర ఒక్కసారే సవరించాలి. మా దగ్గర కొత్తగా చేరినవారు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

కూడిక, తీసివేతల్లో మాత్రం మొత్తం అంకెలను కాక దశాంశ స్థానాలను చూడాలి. ఖాళీ బీకరు 48.2731 గ్రాములు, పొడి వేశాక 48.3962 గ్రాములు ఉందనుకోండి. రెండింటిలోనూ ఆరేసి అంకెలున్నా పొడి బరువు 0.1231, అంటే నాలుగే మిగిలాయి. త్రాసు ఎంత మంచిదైనా, దగ్గర దగ్గర విలువలను తీసివేస్తే అంకెలు ఇలాగే కరిగిపోతాయి.

తీసేయాల్సిన అంకె సరిగ్గా 5 అయినప్పుడు పాఠ్యపుస్తకం ప్రకారం ముందున్న అంకె సరి అయితే అలాగే ఉంచి, బేసి అయితే ఒకటి పెంచాలి, 2.745, 2.735 రెండూ 2.74 అవుతాయి. అమెరికా ఫార్మకోపియా (మందుల ప్రమాణాల గ్రంథం) ప్రకారమైతే 5ను ఎప్పుడూ పైకే సవరించాలి, కాబట్టి 2.745 అక్కడ 2.75 అవుతుంది. మీ అమ్మాయి పరీక్షలో పుస్తకం చెప్పినట్టే రాయాలి.

జవాబు 3 (తార్నాక, పరిశోధక విద్యార్థి):

నల్లకుంట మాస్టారు చెప్పిన జవాబు సరైనదే. అయితే ఇక్కడ అసలు బలహీనత ద్రవ్యరాశిలో లేదని మనవి. 8.37లో 0.01 దోషమంటే 0.12 శాతం. వ్యాసంలో 0.01 మి.మీ. అంటే 0.08 శాతమే, కానీ సూత్రంలో వ్యాసం ఘనంగా ఉంది కనుక అది మూడింతలై 0.24 అవుతుంది. రెండూ కలిపితే 0.36 శాతం, అంటే ఫలితం 7.80 ± 0.03. నాలుగు అంకెలున్న కొలతే మూడు అంకెలున్నదాని కంటే ఎక్కువ దోషాన్ని తెచ్చిందన్న మాట. అందుకే సార్థక అంకెల నియమాన్ని నేను ఉజ్జాయింపుగానే చూస్తాను. 0.98లో రెండు అంకెలు, 1.02లో మూడు ఉన్నా రెండింటి దోషమూ సుమారు ఒక శాతమే కదా.

అదే గుండును 0.01 సెం.మీ. కనీసపు కొలత ఉన్న వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచి ఉంటే వ్యాసం వల్లనే 2.4 శాతం దోషం వచ్చేది. అప్పుడు మీ అమ్మాయి రాసిన 7.8యే నిజాయితీగల జవాబు అయ్యేది.

ప్రశ్న వేసినవారు:

అందరికీ ధన్యవాదాలు. రికార్డు పుస్తకం తెప్పించి చూశాను. కొలిచింది స్క్రూగేజితోనే, సున్నా దోషం (ఏమీ కొలవనప్పుడు కూడా పరికరం చూపే తేడా) కూడా సవరించింది. వెయిట్ బాక్సులో అతి చిన్న రాయి 10 మిల్లీగ్రాములదట, అంటే 8.37 వరకే చెప్పగలదు. మార్కు పోవడం న్యాయమేనని ఒప్పుకుంది కానీ, తరువాతి ప్రయోగంలో ± 0.03 అని కూడా రాస్తే అధ్యాపకులు ఏమంటారో చూస్తానంటోంది.