చెట్టెక్కిన అడవి టర్కీ కోడికి ఎంత దగ్గరగా వెళ్లొచ్చు?

ఓజార్క్‌వేట (మిజోరి):
టెక్సస్ బాబాయ్ గారు మొన్న ఇక్కడే "రూస్ట్ చెట్టుకి (టర్కీలు రాత్రి ఎక్కి పడుకునే చెట్టుకి) రెండొందల గజాల లోపలికి పోయేవాడికి వేట తెలియదు" అని రాశారు. నేను ఒప్పుకోను. మా దగ్గర ఉండేవి ఈస్టర్న్ జాతి టర్కీలు. ఓక్ అడవి, గుట్టలు. పొద్దు గుంకాక గుడ్లగూబలా కూస్తే పుంజు ఉలిక్కిపడి తిరిగి కూస్తుంది, ఏ చెట్టెక్కిందో తెలిసిపోతుంది. మర్నాడు బాగా చీకటి ఉండగానే నూరు గజాల వరకు వెళ్లి కూర్చోవాలి. టర్కీకి పగలు చూపు ఎంత చురుకో చీకట్లో అంత మందం. పుంజు కిందికి దిగి పెట్టలతో కలిసిందంటే ఇక మనం పెట్టలా కూసి ఎంత పిలిచినా రాదు. అందుకే అది దిగే చోటే మనం ఉండాలి. ఆకులు దట్టంగా వచ్చాక ఇంకాస్త దగ్గరికి వెళ్లినా తప్పు లేదు.

బ్రాజోస్‌బాబాయ్ (టెక్సస్):
అన్నాను, మళ్లీ అంటాను. మా వైపు ఉండేవి రియో గ్రాండే టర్కీలు. ఎత్తైన చెట్లు వాగుల వెంటే ఉంటాయి, పెకాన్లు, కాటన్‌వుడ్‌లు. అందుకని గుంపంతా ఏటా ఆ చెట్లే ఎక్కుతుంది. అక్కడ బెదిరిస్తే మకాం మార్చేస్తాయి. నేను డబ్బు కట్టి లీజుకు తీసుకున్న చోట, నాతో వచ్చిన ఒకాయన లైటు వేసుకుని తిన్నగా చెట్ల కిందికి నడిచాడు. చీకట్లోనే టపటపమని అన్నీ లేచిపోయాయి. ఆ సీజనంతా ఆ వాగు ఖాళీ. నాకు ఒక్క మాట సారీ కూడా చెప్పలేదు. దిగాక అవి ఎటు నడుస్తాయో కనిపెట్టి ఆ దారిలో కూర్చో తమ్ముడూ, చెట్టు జోలికి పోకు.

తొలిలైసెన్స్:
చీకట్లో నూరు గజాలు ఎలా తెలుస్తాయి అన్నా?

ఓజార్క్‌వేట:
సాయంత్రమే ఫోన్ మ్యాప్‌లో చెట్టునీ, కూర్చునే చోటునీ గుర్తు పెట్టుకోండి. గుట్ట మీద చెట్టయితే దానితో సమానమైన ఎత్తులోనో కొంచెం పైనో కూర్చోండి, పల్లంలో వద్దు. బాబాయ్ గారూ, మీవాడు చెడగొట్టింది లైటుతో. దూరంతో కాదు.

బ్రాజోస్‌బాబాయ్:
నూరు గజాలు ఏ చెట్టు నుంచి? పుంజు కూసిన చెట్టు నుంచే కదా? మరి పెట్టలు ఎక్కడున్నాయి? అవి అలా కూయవు. పుంజుకి నూరు గజాలు లెక్కేసుకుని వెళ్లి సరిగ్గా పెట్టల కింద నిలబడతావు. ఒక్క పెట్ట బెదిరితే చాలు. దీనికి జవాబు చెప్పు.

ఓజార్క్‌వేట:
చెట్టెక్కేటప్పుడు రెక్కల చప్పుడు వినిపిస్తుంది. పూర్తిగా చీకటి పడేదాకా కదలకుండా కూర్చుని వింటే ఏవి ఎక్కడ వాలాయో తెలుస్తుంది.

బ్రాజోస్‌బాబాయ్:
అన్నీ వినిపించవు. జవాబు రాలేదు.

కరోలినాఅక్క:
మీ గజాలు తర్వాత చూసుకోండి. కూత వినపడిన వైపు పాక్కుంటూ ఎవరూ పోకండి, ఆ కూసేది ఇంకో వేటగాడు కావచ్చు. ఎరుపు, తెలుపు, నీలం బట్టలు వద్దు, పుంజు తల రంగులు అవే.

బ్రాజోస్‌బాబాయ్:
అక్క చెప్పింది నిజం. ఇంకో మాట. సూర్యోదయానికి అరగంట ముందే తుపాకీ టైము (చట్టం కాల్చనిచ్చే వేళ) మొదలవుతుంది, పుంజు ఇంకా కొమ్మ మీదే ఉంటుంది. అంత దగ్గర కూర్చున్నవాడి చెయ్యి ఊరుకుంటుందా? చెట్టు మీదున్నదాన్ని కాల్చడం చాలా రాష్ట్రాల్లో నేరం.

ఓజార్క్‌వేట:
నేను కొమ్మ మీద పక్షిని కాలుస్తానని ఎవరు చెప్పారు మీకు? పెద్దవారని ఊరుకుంటున్నాను. టెక్సస్‌లో భూమి నూటికి తొంభై ఐదు వంతులు ప్రైవేటు. మీకు గేటుంది, గేటుకి తాళం ఉంది. నేను వేటాడేది మార్క్ ట్వైన్ నేషనల్ ఫారెస్ట్‌లో, అది ఎవరైనా రాగల ప్రభుత్వ అడవి. అక్కడ రెండొందల గజాల దూరంలో కూర్చుంటే, నాకూ చెట్టుకీ మధ్య ఇంకొకడు వచ్చి కూర్చుంటాడు. కూర్చున్నాడు కూడా. ముందు రోజు సాయంత్రమంతా విని నేను కనిపెట్టిన పుంజుని నా కళ్ల ముందే పట్టుకుపోయాడు.

బ్రాజోస్‌బాబాయ్:
ఇదన్న మాట. ఇంతసేపూ పక్షి కళ్లు, పెట్టలు అన్నావు. నువ్వు దగ్గరికి వెళ్లేది పక్షి కోసం కాదు, చెట్టు చుట్టూ హద్దు గీసుకోవడానికి. ముందు రోజు కూత విన్నంత మాత్రాన అడవి పక్షి నీదైపోతుందా?

ఓజార్క్‌వేట:
లీజు కట్టినంత మాత్రాన మీదైపోతుందా? 1950ల్లో మిజోరిలో టర్కీలు దాదాపు లేవు. ప్రభుత్వం వలలు వేసి పట్టి, ఒక్కో కౌంటీలో వదిలి పెంచితే 1960లో మళ్లీ వేట తెరిచారు. 1937 చట్టం ప్రకారం తుపాకుల మీద, తూటాల మీద కట్టే పన్ను అలాంటి పనులకే పోతుంది. అందరి డబ్బుతో తిరిగొచ్చిన పక్షి అది. దాన్ని వెతకడానికి ఎవడు కష్టపడ్డాడో వాడికి తొలి అవకాశం ఉండాలి. ఇదే నేననేది.

కాన్సస్‌కుర్రాడు:
అన్నా, పార్కింగ్‌లో వేరే బండి ఉంటే నేను ఇంకో చోటికి పోతాను. అంతే.

ఓజార్క్‌వేట:
ఆ ఒక్క పార్కింగ్ నుంచి నాలుగు గుట్టలకి పోవచ్చు తమ్ముడూ. బండి చూసి ఏ గుట్ట ఎక్కాడో ఎలా తెలుస్తుంది?

బ్రాజోస్‌బాబాయ్:
సరే. నువ్వు కనిపెట్టిన చెట్టు కిందికి నీకంటే ముందే ఒకడొచ్చి అరవై గజాల్లో కూర్చున్నాడు. ఏం చేస్తావు?

ఓజార్క్‌వేట:
వెనక్కి వెళ్లిపోతాను. గొడవపడను. కానీ వాడు చేసింది సరైనదని మాత్రం ఒప్పుకోను.

బ్రాజోస్‌బాబాయ్:
వెనక్కి వెళ్లాక ఇంటికి పోకు. పెట్టలు గుడ్లు పెట్టడానికి విడిపోయాక, తొమ్మిదీ పదింటికి పుంజు ఒంటరిగా తిరుగుతుంది. అప్పుడు పిలుపుకి వస్తుంది. మీ పబ్లిక్ ల్యాండ్‌లో మధ్యాహ్నం ఒంటిగంట దాకా టైము ఉంటుంది కదా. తెల్లవారుజామున చెట్టు కింద ఈ కొట్లాటే అక్కర్లేదు.

ఓజార్క్‌వేట:
తొమ్మిదింటికి పుంజు వస్తుందని నాకూ తెలుసు. నేనడిగింది ఆ చెట్టు సంగతి.

తొలిలైసెన్స్:
మబ్బు పట్టిన రోజు కూడా అదే టైముకి దిగుతాయా?

కరోలినాఅక్క:
లేదు, ఆలస్యంగా దిగుతాయి. కంగారుపడి లేవకు, కూర్చునే ఉండు.