సమస్య: కొండ కొకటి కలుప కుండ యయ్యె

నిర్వాహకుడు: ఈ వారం పూరించమని ఇచ్చింది ఆటవెలది చివరి పాదం.

*కొండ కొకటి కలుప కుండ యయ్యె*

కొండంటే ఇక్కడ అనంతం, అదే ఇన్ఫినిటీ. ప్రోగ్రామింగ్ దాటి బయటికి పోకూడదు. యతి (కొ–కు) నేనే కుదిర్చి ఇచ్చాను, మిగతా మూడు పాదాలు మీ తిప్పలు. ‘ఇన్ఫినిటికి’ పద్యంలో పట్టదని ముందే గోల చేయకండి. ‘ఇన్ఫి’ గలం, ‘నిటికి’ నగణం. సూర్యగణాలు రెండూ చేతికొచ్చినట్టే.

బిట్టుబాబు:

దారి తెలియకున్న దవ్వు కొండంతని
పెద్ద సంఖ్య నిచట పెట్టి యుంటి
నడుగు ముందు వేయ నది ఋణ సంఖ్యయై
కొండ కొకటి కలుప కుండ యయ్యె

ఇది నా సొంత గోడు. ఊళ్ల మధ్య దగ్గరి దారులు లెక్కగట్టే ఫ్లాయిడ్–వార్షల్ జావాలో రాశాను. దారి లేని చోట దూరం అనంతం అని పెట్టాలి కదా, ‘ఇంట్’ అనే పూర్ణసంఖ్యల గడిలో పట్టే అతి పెద్ద సంఖ్య 2147483647 పెట్టేశాను. దానికి 1 కలిపితే మైనస్ 2147483648. ఆ పెద్ద సంఖ్యలే రెండు కలిపితే మైనస్ 2! ఇంకేముంది, అసలు లేని దారే అన్నిటికన్నా దగ్గరి దారి అయి కూర్చుంది. రాత్రి రెండింటి దాకా ఆ ప్రోగ్రామ్‌లోని మూడు లూపుల్నీ తిట్టుకున్నాను. తప్పేమో మొదట్లో, దూరాలు నింపిన లైన్లో ఉంది.

లెక్కల మాస్టారు: భావం బాగుంది నాయనా. మూడో పాదంలో ‘నది ఋణ’ దగ్గర అచ్చు నడుమ నిలబడిపోయింది, విసంధి. రెండో పాదంలో ‘ఇచట’ ఎచట? గణం నింపడానికి తప్ప దానికి పని లేదు.

బిట్టుబాబు: సవరించాను మాస్టారూ.

పెద్ద సంఖ్య తెచ్చి పెట్టి యుంటి
నడుగు ముందు వేయ నప్పుడే మైనసై

లెక్కల మాస్టారు: ‘మైనసై’ గ్రాంథికులు ఒప్పుకోరు. నేను ఒప్పుకుంటాను.

పైథాన్‌పిన్ని: బాబు పెట్టింది అనంతం కాదు, అనంతం వేషం కట్టిన పెద్ద సంఖ్య. అందుకే నాది ప్రశ్న.

ఎంత కలిపి చూడ నింతైన పెరుగదు
తీసివేయ నణువు తేడ రాదు
అట్టి యా యనంత మగుచుండ నే రీతి
కొండ కొకటి కలుప కుండ యయ్యె?

కంప్యూటర్లో దశాంశ సంఖ్యలు ఎలా దాచాలో చెప్పే, 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణంలో అనంతానికి విడిగా గుర్తింపు ఉంది. 64 బిట్లలో (బిట్టంటే 0 గానీ 1 గానీ పట్టే గడి) ప్లస్సో మైనస్సో చెప్పే గుర్తుకు 1, ఘాతానికి 11, మిగతావి 52. ఆ పదకొండూ 1లు అయి, 52 సున్నాలైతే అది అనంతం. గుర్తు బిట్టు తిప్పితే రుణానంతం. పైథాన్‌లో ఫ్లోట్‌కి ‘ఇన్ఫ్’ అని ఇస్తే చాలు, వస్తుంది. ఒకటి కాదు, కోటి కలపండి, కదలదు.

లెక్కల మాస్టారు: ఇది మనకు కొత్త కాదమ్మా. సున్నతో భాగించగా వచ్చేదాన్ని భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలోనే బీజగణితంలో ‘ఖహరం’ అన్నాడు. ప్రళయంలో ప్రాణులన్నీ లీనమైనా, సృష్టిలో బయటికొచ్చినా అచ్యుతుడిలో మార్పు లేనట్టే దానిలోనూ మార్పు ఉండదట. సరే గానీ, నీ రెండో పాదం నన్ను ఆపింది. అనంతంలోంచి అనంతాన్నే తీసేస్తే?

పైథాన్‌పిన్ని: దొరికిపోయాను. ‘నాన్’ వస్తుంది, అంటే సంఖ్యే కాదని. పూర్ణంలోంచి పూర్ణం తీసినా పూర్ణమే మిగులుతుందని ఉపనిషత్తు చెబుతుంది. ప్రాసెసర్ మాత్రం నన్నడక్కు పొమ్మంటుంది! ఏం తీస్తున్నానో చెప్పేస్తాను.

అణువు తీసివేయ నదియె మిగులు

లెక్కల మాస్టారు: ఇప్పుడు యతీ కుదిరింది, లెక్కా కుదిరింది.

కాంటెస్టు కుర్రాడు: నాకు పద్యం రాదు, చిట్కా వచ్చు. ఇంటీజర్లే వాడాలంటే 1061109567 పెట్టండి. హెక్సాలో, అంటే పదహారు అంకెల లెక్కలో రాస్తే, 3ఎఫ్ నాలుగుసార్లు. రెండు కలిపినా 2122219134 దాటదు, మైనస్‌లోకి జారదు. మూడు కలపకండి మరి.

అక్షరభిక్షువు:

ఒత్వ మున్న చోట నుత్వమ్ము చేర్చిన
మాట మారు తెలుగు మహిమ యదియె
బిట్టు మార సంఖ్య బెట్టు మారిన యట్లు
కొండ కొకటి కలుప కుండ యయ్యె

నిర్వాహకుడు: మొదటి రెండు పాదాలు చదివి తీసేద్దామనుకున్నాను. కొమ్ము పెట్టి కుండ చేయడం పాత గారడీయే, ప్రోగ్రామింగ్ ఏదీ అని. మూడో పాదం కాపాడింది. బాబు సంఖ్యలో మొదటి బిట్టు 0, మిగిలిన 31 బిట్లూ 1లు. ఒకటి కలిపితే అన్నీ సున్నాలై మొదటిది 1 అవుతుంది. ఆ మొదటిదే గుర్తు బిట్టు, అదీ కొమ్ము లాంటిదే! బి–బె యతి కూడా హాయిగా పడింది. ఈ వారం వీరతాడు భిక్షువు గారికే.

బిట్టుబాబు: నా రాత్రి నిద్ర సంగతో?

నిర్వాహకుడు: ‘నాన్’ని దానితోనే పోల్చినా సమానం కాదంటుంది. పిన్నిగారి ఆ ‘నాన్’ పుణ్యమా అని వచ్చే వారం పాదం దొరికింది. ఇదీ ఆటవెలదే.

*తన్ను తానె చూచి తా నెరుగదు*