‘ద్రవ్యవేగం’లో వేగం ఎందుకుంది, వడి ఎందుకు లేదు?

అందరికీ నమస్కారం. మా అమ్మాయి గుంటూరులో ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇప్పుడు ఇంగ్లీషు. క్లాసులో మొమెంటం, కొలిజన్ అంటున్నారు. ఇంటికొచ్చి తెలుగు అకాడమీ పుస్తకం తీస్తే ‘రేఖీయ ద్రవ్యవేగ నిత్యత్వ నియమం’, ‘అస్థితిస్థాపక అభిఘాతం’. ద్రవ్యవేగం అంటే ద్రవం వేగమనుకుని నీళ్ల పైపు బొమ్మ గీసి కూర్చుంది. ఈ మాటలు పిల్లలకు టెన్షన్ పెట్టడానికి తప్ప దేనికైనా పనికొస్తాయా?

— పనికొస్తాయండీ, విప్పి చెప్పేవాళ్లుంటే. నేను విజయవాడలో ఫిజిక్స్ చెబుతాను, ఇంగ్లీషు మీడియం పిల్లలకు కూడా ఈ రెండు మాటలూ బోర్డు మీద రాస్తాను. ముందు ద్రవం గొడవ: ద్రవం నీళ్లలాంటిది, ద్రవ్యం అంటే పదార్థం. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది ద్రవ్యవేగం, సూత్రం పేరులోనే ఉంది. 1687లో న్యూటన్ దీన్ని ‘చలన పరిమాణం’ అన్న అర్థంలో లాటిన్‌లో చెప్పి, నిర్వచనం మాత్రం ఇదే ఇచ్చాడు.

ఇక అసలు సంగతి రెండో సగంలో ఉంది. మన పుస్తకాల్లో వడి వేరు, వేగం వేరు. వడికి దిక్కు లేదు, వేగానికి ఉంది. న్యూటన్ కంటే ముందు ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్ కూడా చలనం మొత్తం మారదనే అన్నాడు, కాకపోతే దిక్కు వదిలేసి లెక్క కట్టాడు, అంటే మన భాషలో అతనిది ‘ద్రవ్యవడి’. దాంతో ఏమవుతుందో చూడండి. 20 టన్నుల వ్యాగన్ సెకనుకు 3 మీటర్లతో ఇటు నుంచి, 30 టన్నుల వ్యాగన్ సెకనుకు 2 మీటర్లతో అటు నుంచి వచ్చి గుద్దుకుని కప్లింగ్ పడి అతుక్కుపోయాయి. డెకార్ట్ లెక్కలో 60, 60 కలిపి 120, కాబట్టి రెండూ కలిసి ఎటో ఒకవైపు పోవాలి. ఎటు? నిజానికి అవి అక్కడే ఆగిపోతాయి. ఒకటి ప్లస్ 60, ఇంకోటి మైనస్ 60, మొత్తం మొదటి నుంచీ సున్నానే. మైనస్ గుర్తు మర్చిపోయి మార్కులు పోగొట్టుకునే ప్రతి పిల్లాడూ తెలియకుండా డెకార్ట్ శిష్యుడే.

— మాస్టారూ, రెండూ ఆగిపోతే మరి శక్తి ఏమైంది? శక్తి కూడా నిత్యమే కదా?

— అదే అభిఘాతం, అంటే కొలిజన్ దగ్గరికి తీసుకొస్తుంది. న్యాయవైశేషికులు, అంటే మన పాత న్యాయ, వైశేషిక దర్శనాల పండితులు, ఒక వస్తువు ఇంకోదాన్ని కదిపే తాకిడిని రెండు రకాలు చేశారు: చప్పుడు పుట్టించేది అభిఘాతం, చప్పుడు లేకుండా తోసేది నోదనం. పాఠ్యపుస్తకంలో ఈ తేడా పాటించరు, మాట ఒక్కటే మిగిలింది, అయినా నాకు ఆ చప్పుడు పనికొస్తుంది. పై లెక్కలో గుద్దుకోకముందు గతిజ శక్తి, అంటే కదలిక వల్ల ఉండే శక్తి, 90 వేలు, 60 వేలు, కలిపి లక్షా 50 వేల జౌళ్లు. తర్వాత సున్నా. అదంతా వేడిగా, ఇనుము వంగడంగా, కొంచెం ఆ ధడేల్‌మనే చప్పుడుగా పోయింది. మొత్తం శక్తి ఎక్కడికీ పోలేదు, గతిజ శక్తి మాత్రం మిగల్లేదు. ఇది పూర్తిగా అస్థితిస్థాపక అభిఘాతం. స్థితిస్థాపకమైతే గతిజ శక్తి కూడా అంతే ఉంటుంది. ద్రవ్యవేగానికి మాత్రం ఈ తేడాతో పని లేదు, ఎందుకంటే మొదటిది రెండోదాన్ని ఎంత బలంతో తోస్తే రెండోది మొదటిదాన్ని అంతే బలంతో, అంతే సేపు, ఎదురు దిక్కులో తోస్తుంది. ఒకటి పోగొట్టుకున్నంత ఇంకోటి సంపాదిస్తుంది.

నాకు నచ్చని మాట ఒక్కటే, ‘నిత్యత్వం’. అది విని పిల్లలు ప్రతి వస్తువు ద్రవ్యవేగమూ మారకుండా ఉంటుందనుకుంటారు. విడివిడిగా రెండూ మారతాయి, మారనిది మొత్తం. అదీ బయటి బలం లేనప్పుడు.

— బయటి బలం లేకుండా ఎలాగండీ? విజయవాడ యార్డులో షంటింగ్ చూస్తూనే ఉంటాం, ఒక వ్యాగన్ తగిలి రెండూ కదిలినా కాసేపటికి ఆగుతాయి.

— ఆగుతాయి, పట్టాల రాపిడి వల్ల. కానీ తాకిడి జరిగేది సెకనులో చిన్న ముక్క, అంత తక్కువ సేపట్లో రాపిడి చేసే మార్పు లెక్కలోకి రాదు. అందుకే తాకడానికి సరిగ్గా ముందు, సరిగ్గా తర్వాత వేగాలే తీసుకోవాలి. తర్వాత తగ్గే ద్రవ్యవేగం పట్టాల ద్వారా భూమికి చేరుతుంది, భూమి అంత పెద్దది కాబట్టి మనకు తెలియదు.

— హిందీలో సంవేగం అంటారు, పొట్టిగా ఉంది, మనమూ అదే తెచ్చుకుంటే పోలా?

— పొట్టిగానే ఉంది గానీ అందులో ద్రవ్యం ఎగిరిపోయింది. నేను ద్రవ్యవేగమే వాడతాను. అమ్మాయి చేత ఈ లెక్క చేయించండి: 20 టన్నులది సెకనుకు 3 మీటర్లతో వచ్చి, నిలబడి ఉన్న 40 టన్నులదాన్ని తగిలి అతుక్కుంది. వేగం సెకనుకు 1 మీటరు రావాలి, గతిజ శక్తిలో మూడింట రెండొంతులు పోవాలి. రాకపోతే ఇక్కడే పెట్టండి, చూద్దాం.