సముద్రపు గాలి తగిలే ఊళ్లలో బాల్సా విమానానికి పెయింటా, ఫిల్మా?

పెన్నాతీరం (నెల్లూరు):
గ్లో ఇంజిన్‌తో (మిథనాల్ ఇంధనంతో నడిచే చిన్న ఇంజిన్) ఎగిరే రిమోట్ కంట్రోల్ మోడల్ విమానాన్ని బాల్సా అనే తేలికైన చెక్కతో మా మిత్రబృందం సిద్ధం చేస్తోంది. ఫ్యూజలాజ్ (విమానపు మొండెం) అంతా బాల్సా షీటుతో మూసి ఉంది. రెక్కల్లోనూ తోకలోనూ రిబ్బుల (ఆకారాన్నిచ్చే అడ్డ చెక్కల) మధ్య ఖాళీలున్నాయి. అక్టోబరు వానలు మొదలయ్యేలోపు పైపూత పని ముగించాలి. పెయింట్ వేయాలని కొందరు, ఇస్త్రీ పెట్టె వేడితో అంటించే పలుచని ప్లాస్టిక్ ఫిల్మ్ చాలని కొందరు అంటున్నారు. కారణాలతో సహా మీ అభిప్రాయం చెప్పగలరు.

ఒంగోలు గ్లో:
షీటు వేసిన ఫ్యూజలాజ్‌కు పెయింటే తగినదని నా దృఢమైన అభిప్రాయం. ఎగ్జాస్ట్‌తో వచ్చే నూనె ఇంజిన్ వెనుక ఫిల్మ్ అంచుల కిందికి చేరితే బాల్సా దాన్ని పీల్చేసుకుంటుంది, ఆ తర్వాత అక్కడ ఏదీ అంటుకోదు. అయితే కష్టమంతా పెయింట్ వేయడానికి ముందే ఉంటుంది. 220 నంబరు ఉప్పు కాగితాన్ని చదునైన చెక్క దిమ్మకు చుట్టి రుద్దాలి. వేళ్లతో నొక్కి రుద్దితే మెత్తని బాల్సా అరిగిపోయి, జిగురు పెట్టిన అతుకులు మాత్రం గట్లలా పైకి తేలుతాయి. గుంటల్లో తేలికపాటి ఫిల్లర్ నింపాలే తప్ప కార్ల షెడ్డులో వాడే లప్పం పెట్టకూడదు, అది బరువు. తర్వాత 400 నంబరుతో రుద్ది, దుమ్ము పూర్తిగా తుడిచి, చదరపు మీటరుకు సుమారు 25 గ్రాములుండే పలుచని ఫైబర్‌గ్లాస్ గుడ్డను పరచి, ఎపాక్సీ రెజిన్ పూసి, పనికిరాని ప్లాస్టిక్ కార్డుతో మిగులు రెజిన్‌నంతా లాగేయాలి. ప్రైమర్ పని గుడ్డ నేతలోని సందులను పూడ్చడమే కాబట్టి, పూసినదానిలో ఎక్కువ భాగం మళ్లీ రుద్దితేనే మంచిది. రంగుకు హార్డెనర్ కలిపే రెండు భాగాల పాలియురిథేన్ వాడండి. మామూలు స్ప్రే డబ్బా రంగుల్లో చాలా వాటిని ఇంధనంలోని నైట్రోమీథేన్ మెత్తబరుస్తుంది.

కావలి రెక్క:
ఒంగోలు సోదరులు చెప్పిన పద్ధతిని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. మామూలు ఫిల్మ్ చదరపు మీటరుకు సుమారు 60 గ్రాములుంటుంది, అంటించగానే పని పూర్తవుతుంది. గుడ్డ, రెజిన్, ప్రైమర్, రంగు కలిస్తే చేయి తిరగనివారి చేతిలో బరువు సులభంగా దాన్ని దాటుతుంది. ఆ బరువు ఎక్కడ చేరుతుందన్నది ఇంకా ముఖ్యం. గురుత్వ కేంద్రానికి 60 సెంటీమీటర్లు వెనుకనున్న తోకపై 10 గ్రాములు పెరిగితే, 20 సెంటీమీటర్లు ముందున్న ముక్కు దగ్గర 30 గ్రాముల సీసం పెట్టాల్సి వస్తుంది. ఇక మన తీరపు తేమ సంగతి. థిన్నర్ త్వరగా ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ దానిపై చేరుతుంది. లక్కర్, డోప్ (మోడల్ విమానాలకు పూసే ఒక రకం లక్కర్) వంటివి పాలిపోయినట్లు తెల్లబడతాయి. వానాకాలంలో నెల్లూరులో స్ప్రే పని పెట్టుకోవడం నాకు సమంజసంగా తోచదు.

ఒంగోలు గ్లో:
తోక విషయంలో కావలి వారి లెక్క సరైనదే, అక్కడ పెయింట్ వద్దని నేనూ అంటాను. తేమ విషయంలో మాత్రం అంత నిరాశ అక్కరలేదు. ముసురు లేని రోజున, ఎండ ఎక్కి గాలి పొడిబారాక, నెమ్మదిగా ఆరే థిన్నర్‌తో పలుచని పూతలు వేస్తే తెల్లబడే ప్రమాదం చాలా తగ్గుతుంది. ఇంతకంటే నాకు ఆందోళన కలిగించేది హార్డెనర్‌లోని ఐసోసయనేట్ అనే రసాయనం. దాని తుంపర ఊపిరితిత్తులకు చేరితే ఉబ్బసం రావచ్చు. గుడ్డ మాస్కు దాన్ని ఆపలేదు. సరైన రక్షణ ఉన్న షెడ్డులో అనుభవజ్ఞులైన పెయింటర్ చేతనే ఆ పని చేయించండి.

పెన్నాతీరం (నెల్లూరు):
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఫ్యూజలాజ్‌కు గుడ్డ, పెయింట్. రెక్కలకూ తోకకూ ఫిల్మ్ అని నిర్ణయించుకున్నాం. ముందుగా మిగిలిన బాల్సా ముక్కపై అవే పూతలు వేయించి, పూర్తిగా గట్టిపడ్డాక ఇంధనం చుక్కలు వేసి ఒక రాత్రి ఉంచి చూస్తాం. రంగు మెత్తబడితే ఫ్యూజలాజ్‌కూ ఫిల్మే వేస్తాం, ఇంజిన్ వెనుక అంచులకు మాత్రం ఎపాక్సీ పూసి మూసేస్తాం.