వేడెక్కాక మొరాయించే కారు: ముందు బ్యాటరీ మార్చాలా, మీటరు పెట్టి చూడాలా?

సెమిలిగుడ వాసి:
మాది 2016 మోడల్ పెట్రోల్ కారు, మాన్యువల్ గేరు. తెల్లవారుజామున చలిలో కూడా ఒక్క తిప్పుకే స్టార్ట్ అవుతుంది. సాలూరు నుంచి ఘాట్ ఎక్కి సుంకి దగ్గర టీకి ఆపితేనే తంటా. తాళం తిప్పితే ఒక్క ‘టక్’, అంతే. ఒక్కోసారి వెంటనే అందుకుంటుంది, ఒక్కోసారి అరగంట ఆగాలి. ఒక మెకానిక్ బ్యాటరీ మార్చమన్నాడు, ఇంకొకాయన సెల్ఫ్ మోటారు (ఇంజిన్‌ని తిప్పి లేపేది) పోయిందన్నాడు. అమ్మను తరచూ విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్లాలి, అదే టెన్షన్. ముందు ఏది మార్చాలి?

పర్లాకిమిడి మాస్టారు:
బ్యాటరీ మార్చేయండి. నాలుగేళ్లు దాటినదాన్ని నమ్ముకుని పెద్దావిడతో ఘాట్ ఎక్కకూడదు. ఎలాగూ ఎప్పుడో మార్చాల్సిందే కదా.

రాయగడ ఎలక్ట్రీషియన్:
మాస్టారూ, మీ మాట కాదంటున్నానని అనుకోకండి. బ్యాటరీ నీరసపడితే ముందు బయటపడేది చలిలోనే. చలికి దాని శక్తి తగ్గుతుంది, ఇంజిన్ ఆయిల్ చిక్కబడి తిప్పడమూ బరువవుతుంది. సెమిలిగుడ చలిలో ఒక్క తిప్పుకే లేచే బండి సుంకిలో ఎండపూట లేవట్లేదంటే నా అనుమానం బ్యాటరీ మీదకు పోదు.

తమ్ముడూ, శబ్దం గమనించు. టకటకా వరసగా కొడితే కరెంటు చాలట్లేదు, బ్యాటరీయో టెర్మినలో చూడాలి. సెల్ఫ్ బాగా తిరిగి ఇంజిన్ అందుకోకపోతే పెట్రోల్ పంపు, క్రాంక్ సెన్సార్ (ఇంజిన్ తిరుగుడు పసిగట్టేది) లాంటివి. నీది ఒక్కటే ‘టక్’. ఆ సమయంలో హెడ్‌లైట్ వేసి చూడు. బాగా మసకబారితే బ్యాటరీయో, బిగుసుకున్న మోటారో. మసకబారకపోతే కరెంటు మోటారులోకి వెళ్లడమే లేదు.

బండి చల్లారాక నా దగ్గరికి తెస్తే అన్నీ బాగానే చూపిస్తాయి, నేనేం పట్టుకోగలను? తప్పు జరిగే చోటే చూడాలి. సెల్ఫ్ సోలినాయిడ్‌కి (తాళం తిప్పగానే మోటారుకి కరెంటు కలిపే స్విచ్చి) వెళ్లే సన్న వైరుకి ఒక పొడుగు వైరు కలిపి, టేపు చుట్టించి, బానెట్ కింద పైకి తీయించి పెట్టుకో. మొరాయించినప్పుడు వేడి ఇంజిన్ కిందకి చెయ్యి పెట్టకుండానే మీటరు (వోల్టేజీ కొలిచే మల్టీమీటరు) పెట్టొచ్చు. గేరు న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్ మర్చిపోవద్దు.

పర్లాకిమిడి మాస్టారు:
చలి మాట ఒప్పుకుంటాను. కానీ బ్యాటరీ లోపల సెల్‌కీ సెల్‌కీ మధ్య అతుకు వదులైతే అది కూడా ఇలాగే ఒకసారి పని చేసి ఒకసారి చెయ్యదు. దాన్నెందుకు వదిలేస్తున్నారు?

రాయగడ ఎలక్ట్రీషియన్:
వదలట్లేదు. అతుకు వదులైతే తాళం తిప్పగానే బ్యాటరీ బొడిపెల (టెర్మినళ్ల) దగ్గరే వోల్టేజీ పడిపోతుంది. అదీ మీటరే చెప్తుంది. డబ్బు పెట్టి కొత్తది కొన్నాక కూడా ఘాట్ మీద ఆగిపోతే అప్పుడు అబ్బాయి ఎవరినడుగుతాడు?

సెమిలిగుడ వాసి:
నిన్న సుంకిలో దొరికింది. మా తమ్ముడు తాళం తిప్పుతుంటే నేను మీటరు పెట్టి చూశాను. తిప్పకముందు బ్యాటరీ 12.5 వోల్టులు. ‘టక్’ అన్నప్పుడు బొడిపెల దగ్గర 12.3. లైట్లు మసకబారలేదు. పైకి తీసిన వైరులో 11.7 వచ్చింది. మైనస్ బొడిపెకీ ఇంజిన్‌కీ మధ్య దాదాపు సున్నా.

రాయగడ ఎలక్ట్రీషియన్:
శభాష్. బ్యాటరీ నిలబడింది, తాళం నుంచి సన్న వైరు దాకా కరెంటు వచ్చింది, ఎర్తు బాగుంది. ఇక మిగిలింది బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కి వెళ్లే లావు కేబులు, సెల్ఫ్ మోటారు. కేబులు నట్టు విప్పి తోమి బిగించి చూడు. తీరకపోతే సెల్ఫ్ విప్పించు. సోలినాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు కాలి నల్లబడి ఉంటాయి, లేదంటే మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగి ఉంటాయి. వేడికి సోలినాయిడ్ చుట్ట రెసిస్టెన్సు పెరిగి లాగే బలం తగ్గుతుంది, అందుకే ఘాట్ ఎక్కాకే ఈ గొడవ. మోటారు మొత్తం మార్చక్కర్లేదు, ముందు ఆ రెండే చూడమను.

పర్లాకిమిడి మాస్టారు:
ఈ అంకెలు చూశాక బ్యాటరీ అనను. కానీ రిపేరుకి మాత్రం నేను ఒప్పుకోను. ఆసుపత్రికి తిరిగే బండి, సెల్ఫ్ కొత్తదే వేయించాలి.

రాయగడ ఎలక్ట్రీషియన్:
విప్పి చూశాక తేల్చుదాం మాస్టారూ. షాఫ్టును పట్టి ఉంచే బుష్షులు అరిగి అది ఊగుతుంటే మీ మాటే చేస్తాం. తమ్ముడూ, ఈలోగా అమ్మగారితో వెళ్లేటప్పుడు సుంకిలో టీకి ఆగినా ఇంజిన్ ఆపకు, ఒకరు స్టీరింగ్ దగ్గరే ఉండండి.